నాలుగు వేలతో ఫోన్లో పొడుల వ్యాపారం
(మండల సమాఖ్య వార్షిక మహాసభలో చేసిన ప్రసంగం)



ఫోనులో వ్యాపారం ఎట్లా మొదలుపెట్టారో చెప్పమని మమ్మల్ని పిలిచారు. దీనికోసం మేం బ్యాంకు లింకేజీ గానీ స్త్రీనిధి గానీ తీసుకోలేదు. సంఘంలో పది మందిమి ఉన్నా ముందుకొచ్చింది ఐదుగురం. తలా 800 వేసుకుంటే 4,000 అయింది. ఆహార భద్రత రిజిస్ట్రేషన్‌కు ఏడాదికి 100, తూకం మిషన్‌కు 550, సీలింగ్ మిషన్‌కు 1,200, కవర్లకు 350, లేబుళ్లకు 200. మిగిలిన 1,600తో పప్పులు, ఎండుమిర్చి, చింతపండు, వెల్లుల్లి కొన్నాం. కరివేపాకు, మునగాకు పెరట్లోవే. రిజిస్ట్రేషన్ ఒక చిరునామాకే ఇస్తారు కాబట్టి వంట అంతా ఒక అక్క ఇంట్లోనే. ఆ 14 అంకెల నంబరు, తయారైన తేదీ, బరువు, ధర ప్రతి కవరు మీదా ఉంటాయి.

వెబ్‌సైట్‌కు ఎంతయింది అని అందరూ అడుగుతారు. వెబ్‌సైట్ లేదు. వాట్సాప్ బిజినెస్ యాప్ ఉచితమే, అందులో కేటలాగ్ అని ఉంటుంది, సరుకు ఫోటో, ధర అక్కడ పెట్టాం. వెబ్‌సైట్ చేసి ఆర్డర్లు కూడా తెప్పిస్తానని ఒకాయన 30,000 అడిగాడు. ఆర్డర్లు వచ్చాక అందులోంచి తీసుకోండి అన్నాం. మళ్లీ రాలేదు.

మన దగ్గర ఇన్ని మామిడి తోటలుంటే ఆవకాయ ఎందుకు పెట్టలేదంటారు. పచ్చడి బరువు, నూనె కారితే పార్సెల్ అంతా పాడు. పావుకిలో పొడి కవరు స్పీడ్ పోస్టులో నిక్షేపంగా పోతుంది. కొనేది కూడా ఎవరో కాదు, హైదరాబాద్ హాస్టళ్లలో, ఉద్యోగాల్లో ఉన్న మన ఊళ్ల పిల్లలు, వాళ్ల రూముల్లో పిల్లలు.

ఇక అసలు సంగతి ఫోను. మా ఐదుగురిలో ముగ్గురి ఇళ్లలో ఉన్న ఒక్క ఫోనూ మగవాళ్ల జేబులో ఉంటుంది. సిమ్ ఆయన పేరున, ఖాతా ఆయనది. ఆయన పామాయిల్ గెలలు కోయడానికి పోతే ఫోనూ పోతుంది. పొద్దున అడిగినవాళ్లకు రాత్రి జవాబిస్తే ఎవరు ఆగుతారు? డబ్బు సంగతి ఇంకా చిక్కు. ఆకు దూసేది మనం, పొయ్యి దగ్గర ఉడికేది మనం, పైసలు పడేది వేరే ఖాతాలో. అడిగితే ఎరువులకు వాడాను, పంట వచ్చాక ఇస్తానంటారు. వాళ్లు చెడ్డవాళ్లని కాదు, ఇంటి అవసరాలు అట్లా ఉంటాయి. కానీ మరుసటి వారం పప్పు కొనడానికి డబ్బు ఉండదు.

అందుకని వ్యాపారం కంటే ముందే షరతు పెట్టుకున్నాం: నంబరు, ఖాతా రెండూ ఆడవాళ్ల పేరునే ఉండాలి. ఒక అక్క కొడుకు వాడకుండా పడేసిన ఫోను ఇచ్చాడు. మాలో ఒకరి పేరున కొత్త సిమ్, విడిగా పొదుపు ఖాతా తీసుకున్నాం. పగలు ఫోను వంట జరిగే ఇంట్లోనే ఉంటుంది. వారం వారం మీటింగులో పాస్‌బుక్ ముందు పెట్టి మినిట్స్ బుక్కులో రాస్తాం. దీని మీద ఒక ఇంట్లో పెద్ద గొడవే అయింది. ఆ చెల్లెలు రెండు నెలలు రాలేదు. చివరికి వాళ్ల అత్తమ్మే పంపింది. మునగచెట్టు వాళ్ల పెరట్లోదే మరి.

ధర దగ్గర మన కూలి మరిచిపోవద్దు. కిలో కరివేపాకు కారానికి సరుకులు, గ్యాసు, కవర్లు కలిపి 260 అవుతుంది. ఆకు దూసి, కడిగి, ఆరబెట్టి, వేయించే పనికి 100 వేసుకున్నాం. అమ్మేది 480. తపాలా ఖర్చు కొనేవాళ్లదే. పోయిన నెల 18 కిలోలు పోయింది. తలా కూలి 360, లాభం 430 చిల్లర. ఈపాటి డబ్బు మూడు రోజులు ఉపాధి హామీకి పోతే వస్తుంది గదా అని ఒక అక్క అడిగింది. నిజమే. అందుకే మాలో ఎవరమూ కూలి పని మానలేదు. అయితే భద్రాచలం అక్కలు కూడా ఒకప్పుడు పొలం కూలికి పోయినవాళ్లే. వాళ్ల ‘భద్రాద్రి మిల్లెట్ మ్యాజిక్’ బిస్కెట్లు లండన్ దాకా పోతున్నాయని 2025 జూన్ మన్ కీ బాత్‌లో ప్రధానమంత్రే చెప్పారు.

మోసాలు కూడా చూశాం. డబ్బు వేశామని ఒకరు స్క్రీన్‌షాట్ పంపారు, ఖాతాలో ఏమీ పడలేదు, మేం సరుకు పంపలేదు. డబ్బు రావడానికి పిన్ కొట్టే పని ఎప్పుడూ ఉండదు. కొట్టమన్నారంటే మన డబ్బు పోతున్నట్టే. పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి.

చివరగా సమాఖ్యకు ఒక విన్నపం. తెలంగాణ లోపల అమ్ముకుంటే ఏడాదికి 20 లక్షల దాకా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. రాష్ట్రం దాటితే మాత్రం అమ్మకం ఎంత చిన్నదైనా కావాలి. తిరువూరు మనకు పక్కనే, కానీ అది ఆంధ్ర. మాలో ఒకరి పుట్టిల్లు అక్కడే, పోయినప్పుడల్లా వాళ్లమ్మకు పొడి ఉట్టినే ఇచ్చొస్తోంది, పక్కింటివాళ్లు డబ్బిస్తామన్నా అమ్మలేకపోతున్నాం. ఒక్కో సంఘం జీఎస్టీ లెక్కలు రాసుకోవడం అయ్యే పని కాదు. మండల సమాఖ్య పేరున ఒక్క రిజిస్ట్రేషన్ తీసుకుని, అన్ని సంఘాల సరుకూ ఆ పేరు మీద పంపేలా ఈ మహాసభలోనే తీర్మానం పెట్టాలని మా ఐదుగురం కోరుతున్నాం. బిల్లులు రాయడానికి మాలో ఇద్దరం వస్తాం.