గేరు పెంచండి, యాక్సిలరేటర్ దించండి



ఖాళీ ట్రక్కు తగిలించుకుని, చిన్న గేరులో ఊరంతా వినబడేలా అరుస్తూ పోయే ట్రాక్టర్లను రోజూ చూస్తుంటాం. మోత ఎక్కువైతే పని ఎక్కువవుతుందనుకుంటాం. అదేం లేదు. కాలే డీజిల్‌లో కొంత ఇంజను తన పిస్టన్లను, ఫ్యాన్‌ను, పంపులను తిప్పుకోవడానికే పోతుంది. ఇంజను స్పీడు పెరిగేకొద్దీ ఈ రాపిడి ఖర్చూ పెరుగుతుంది, రింగులూ లైనర్లూ త్వరగా అరుగుతాయి.

విత్తన గొర్రు, గుంటక లాంటి తేలిక పనులకు ఒక గేరు పెంచి, హ్యాండ్ యాక్సిలరేటర్ తగ్గించండి. బండి నడక మారదు. ఇంజను చుట్లు చూపే మీటరు ముల్లు మాత్రం 2,000 నుంచి ఏ 1,500కో దిగుతుంది.

మరి పనిముట్లను తిప్పే పీటీఓ షాఫ్టుకు నిమిషానికి 540 చుట్లు కావాలి కదా అంటారా? కొన్ని బండ్లలో ఎకానమీ పీటీఓ లివర్ ఉంటుంది. తక్కువ ఇంజను స్పీడుకే ఆ 540 వస్తుంది. ఉన్నా, దాన్ని ముట్టని డ్రైవర్లను చాలామందిని చూశాను!

దమ్ముకు, లోతు దుక్కికి గేరు పెంచి యాక్సిలరేటర్ దించే ఈ కిటుకు వద్దు. నల్లపొగ చిమ్ముతున్నా, యాక్సిలరేటర్ పెంచినా బండి అందుకోకపోయినా ఇంజను మీద బరువు ఎక్కువైనట్టే. వెంటనే గేరు తగ్గించండి.