నేటాలులో మనవారు
(సంఘము వారి మాసాంత సభలో చేసిన ప్రసంగపాఠము)



మేము ఆఫ్రికాఖండపు దక్షిణభాగమున తొమ్మిదేండ్లు వ్యాపారము సాగించి బరంపురము తిరిగి వచ్చినది మొదలు, అచ్చట సింహములు వీథులలో తిరుగునా యని అడుగని బంధువు లేడు. సింహమును మేమును టిక్కెట్టు కొనియే చూచితిమి. కార్యదర్శిగారు మాకిచ్చిన వ్యవధి స్వల్పము గనుక మృగముల మాట అంతటితో విడిచి, మనుష్యులను గూర్చియు, వారి భాషలను గూర్చియు, విశేషించి నేటాలులోని మన తెలుగువారిని గూర్చియు చెప్పుదుము.

మేముండినది బోట్స్వానా దేశపు రాజధాని యగు గాబొరోన్ నగరము. ఆ దేశము 1966వ సంవత్సరము సెప్టెంబరు 30వ తేదీన స్వతంత్రమైనది. నేల చాలవరకు కలహారి యను ఎడారి భూమి. అచ్చట వాన యెంత అపురూపమో వారి నాణెము పేరే చెప్పును. 1976లో సొంత నాణెమును ఏర్పరచుకొన్నప్పుడు దానికి 'పులా' యని పేరు పెట్టిరి. పులా యనగా వాన. సభలలో జయధ్వానమునకు బదులుగా కూడ 'పులా' యనియే కేక వేయుదురు. మన దేశమున రూపాయిని వాన యని యెవ్వరును పిలువరు గాని, పైరు మీద అరువిచ్చిన వర్తకునికి ఆ రెండును ఒకటే యని ఈ సభలో వేరుగ చెప్పనక్కరలేదు.

మాది బట్టల అంగడి. అచ్చటి పెండ్లిండ్లలో స్త్రీలు జర్మను ప్రింటని పిలువబడు నీలి అద్దకపు నూలుబట్టను కుట్టించుకొందురు. పెద్ద ముత్తైదువలు గళ్ళ శాలువ కప్పుకొందురు. ఈ రెండును అంగడిలో ఉన్నచో తక్కిన సరకు తానే కదలును. అయితే సరకు కంటె ముందు కావలసినది పలుకరింపు. పురుషుని 'డుమేలా, రా' యనియు, స్త్రీని 'డుమేలా, మ్మా' యనియు పలుకరించి, క్షేమ మడిగి, బదులు చెప్పి, అటు పిమ్మటనే ధర మాట యెత్తవలెను. పలుకరింపక ధర చెప్పిన వర్తకుని వారు మోటువానిగా ఎంచుదురు. చిల్లర ఇచ్చునప్పుడు కుడిచేతితో ఇచ్చుచు, ఎడమచేతిని కుడి మోచేతికి ఆనింపవలెను. ఇవన్నియు పొరుగు అంగడివారు మాకు మొదటి దినముననే నేర్పిరి.

వారి భాష సెత్స్వానా. కచేరీలలో ఇంగ్లీషు నడచునుగాని, అంగడిలో సెత్స్వానా రానివానికి బేరము సాగదు. బరంపురములో పుట్టినవానికి ఇది క్రొత్త కాదు. ఇంట తెలుగు, బజారున ఒడియా, బ్యాంకులో ఇంగ్లీషు మాటలాడుచు పెరిగినవారము. అచ్చట ఒడియా చోట సెత్స్వానా చేరినది, అంతియే. భోజనము కూడ అంత పరాయిది కాదు. జొన్నపిండితో ఉడికించు వారి సంకటిని, పులియబెట్టిన అంబలిని చూచినప్పుడు, మన వైపు చోడి అంబలి త్రాగి పెరిగినవాడు ముఖము త్రిప్పుకొనడు. ఎండబెట్టిన గొంగళిపురుగుల వేపుడు మాత్రము మాకు మ్రింగుడు పడలేదు.

ప్రయాణములను గూర్చి రెండు మాటలు. ఆ దేశమున గాలికుంటు వ్యాధి వ్యాపింపకుండ మైళ్ళకొలది కంచెలు కట్టిరి. దారిలో ఆ కంచెల వద్ద బండి నాపి, అందరిని దింపి, మందునీటితో తడిసిన గోనె మీద చెప్పులు త్రొక్కించి పంపుదురు. రాత్రివేళ దారికి అడ్డముగా పండుకొను ఆవులకును గాడిదలకును భయపడి మేము పొద్దు గ్రుంకిన తరువాత బండి నడపుట మానుకొంటిమి. ఉత్తరమున కజుంగులా వద్ద జాంబెజీ నదిని దాటి జాంబియాకు సరకు పంపవలసినప్పుడు, లారీలు పంటు కొరకు దినముల తరబడి వరుసలో నిలుచుండెడివి. 2021లో అచ్చట వంతెన తెరచిరట. మేము అప్పటికే తిరిగి వచ్చియుంటిమి. విక్టోరియా జలపాతమును ఆ నేలవారు 'ఉరుమెడి పొగ' యను అర్థము వచ్చు పేరుతో పిలుతురు. చూచినవారికి వేరు వర్ణన అక్కరలేదు, చూడనివారికి మేము వర్ణింపలేము.

సరకు కొనుగోలు కొరకు మేము ఏటికి రెండు మూడు మారులు సరిహద్దు దాటి, జోహన్నెస్‌బర్గు మీదుగా సముద్రతీరమందలి డర్బను రేవునకు పోవుచుండెడివారము. దూరము తొమ్మిదివందల కిలోమీటర్లకు పైమాట. డ్రేకెన్స్‌బర్గు పర్వతములు దిగినంతనే గడ్డిబయళ్ళు పోయి పచ్చని లోయలు, ఆ తరువాత చెరకు తోటలు కనబడును. ఇదియే నేటాలు. త్రోవలో పీటర్‌మారిట్జ్‌బర్గు స్టేషను గలదు. 1893 జూను 7వ తేదీ రాత్రి గాంధీమహాత్ముని మొదటి తరగతి పెట్టెనుండి దింపివేసిన స్థలమది. దాదా అబ్దుల్లా యను వర్తకుని వ్యాజ్యము నిమిత్తము ఆయన ఆ దేశమునకు వచ్చియుండిరి. ఇద్దరు వర్తకుల లెక్కల తగాదా ఎంత దూరము పోయినదో చూడుడు! దక్షిణాఫ్రికా భారతీయుల అగచాట్లకు బరంపురముతో కూడ ఒక పొత్తు గలదు. 1894లో ఈ యూరనే జన్మించిన వి. వి. గిరిగారు డబ్లిన్ నగరమున న్యాయశాస్త్ర విద్యార్థిగా నుండగా, తోటి భారతీయ విద్యార్థులతో కలసి ఆ అగచాట్లను వివరించు కరపత్రము నొకదానిని వెలువరించిరి.

గాంధీగారికి ముందే మనవారచ్చట నుండిరి. 1860 నవంబరు 16వ తేదీన 'ట్రూరో' యను ఓడ మదరాసునుండి 342 మందితో డర్బను రేవు చేరినది. అది మొదలు 1911 వరకు కూలి ఒప్పందము మీద నేటాలు చేరిన భారతీయులు 1,52,184 మంది. అందు సుమారు మూడింట రెండువంతులు మదరాసు రేవున ఎక్కినవారే. ఒప్పందము అయిదేండ్లు. మగవానికి మొదటి యేట నెలకు పది షిల్లింగులు, ఏటికొక షిల్లింగు హెచ్చు. ఈ జనములో ఉత్తర ఆర్కాటు, విశాఖపట్నము, గంజాము జిల్లాల తెలుగువారు వేలకొలది యుండిరి. గంజాము జిల్లా యన్నప్పుడు నేటి హద్దులను తలపరాదు. 1936లో ఒడిశా రాష్ట్రము ఏర్పడువరకు శ్రీకాకుళము, టెక్కలి, సోంపేట, ఇచ్ఛాపురము అన్నియు మన బరంపురముతోపాటు ఆ జిల్లాలోనివే.

డర్బనులో అంగడుల మీది పేర్లు చదువుకొనుచు నడచినచో మనకు నవ్వును దిగులును ఒక్కసారి కలుగును. నాయుడు, రెడ్డి యనునవి అచ్చట ఇంటిపేర్లు. మగనికిని నాయుడే, ఆలికిని నాయుడే. అప్పలసామి, అప్పలరాజు, సింహాద్రి యనునవి కూడ ఇంటిపేర్లే. ఓడ దిగిన ముత్తాత పేరును గుమాస్తా వ్రాసికొన్నాడు. మునిమనుమలకు అదియే వంశనామమైనది. సింహాచలపు అప్పన్న పేరు హిందూ మహాసముద్రము దాటి నిలిచినది గాని, ఆ ముత్తాత అసలు ఇంటిపేరు ఏదో తెలిసినవారు ఆ ఇండ్లలో నూటి కొక్కరైన మాకు కనబడలేదు.

డర్బను శివారున చాట్స్‌వర్త్ యను పెద్ద పేట గలదు. జాతుల వారీగా నివాసములను విడదీయు 1950 నాటి చట్టము క్రింద ఎక్కడెక్కడి భారతీయులనో తొలగించి తెచ్చి, 1960ల నుండి అచ్చట నిలిపిరి. అంతకు ముందు నగరపాలక సంస్థ కూలీలు మాగజీన్ బారక్సు అను వరుస గదులలో తరతరములుగా నుండెడివారు. వారిలో అధికులు తెలుగువారు, తమిళులు. గదులు ఇరుకు, నీళ్ళకు తగవులు. అయినను తలుపు తీసిన తెలుగు వినబడెడిదని ఆ కాలపువారు చెప్పుదురు.

చాట్స్‌వర్త్‌లో ఒక తెలుగు కుటుంబమువారు మమ్ములను భోజనమునకు పిలిచిరి. పెద్దావిడకు ఎనుబది దాటినవి. మేము ముందు గదిలో నుండి ఇంటికి ఫోనులో మాటలాడుట విని, కఱ్ఱ ఊతగా బయటికి వచ్చి, "ఏ వూరు బాబూ మీది?" అని అడిగినది. బరంపురమని చెప్పితిమి. ఆమె మా చేయి పట్టుకొని, "మా తాతది గంజాం అనీవోరు. ఆ వూరు ఇప్పుడున్నాదా?" అన్నది. ఇచ్ఛాపురపు సంతలో వినబడు పలుకే, ఒక్క అక్షరము తేడా లేదు. ఆమె ఆ దేశముననే పుట్టినది. ఈ నేల త్రొక్కి యెరుగదు. అరగంటసేపు ఆవుల పేర్లు, పిండివంటలు, బారక్సులో తన తల్లి చెప్పిన సంగతులు ఏకరువు పెట్టినది. అంతలో ఆమె కుమారుడు, అరువదికి దగ్గరపడినవాడు, పెద్ద ఉద్యోగము చేసి విరమించినవాడు, మమ్ము ప్రక్కకు పిలిచి ఇంగ్లీషులో అడిగినాడు: "మా అమ్మ ఏమి చెప్పుచున్నది?"

తల్లి మాటకు కుమారునికి అర్థము చెప్పవలసిన పని ఆ పూట మాకు పడినది. ఆమెను ఆయన ఎంతో భక్తితో చూచుకొనుచున్నాడు; మందులు, పథ్యము, దేనికిని లోటు లేదు. మాట యొక్కటి లేదు.

ఆ సాయంకాలము అచ్చటి దేవాలయమున రామభజన. ఆమె మనుమడు మద్దెల వాయించెను. అంత చక్కగ వాయించువారు మన పట్టణమున ఎందరున్నారో లెక్కపెట్టుకొనవలెను. పాటలు తెలుగువే, చేతిలోని పుస్తకము మాత్రము ఇంగ్లీషు అక్షరములలో నున్నది. భజన ముగిసిన పిమ్మట ఆ పిల్లవాడు ఒక చరణము మీద వ్రేలుంచి, దీని భావమేమని మమ్ము నడిగెను. చెప్పితిమి. "చిన్నప్పటినుండి పాడుచున్నాను, ఇందు తల్లిని గూర్చి చెప్పినట్లు ఎరుగను" అన్నాడు.

నేటాలు తెలుగువారు తమ భాషను అలక్ష్యము చేసిరని ఎవరైన అన్నచో మేమొప్పుకొనము. 1931లోనే వారు ఆంధ్ర మహాసభను స్థాపించుకొనిరి. కూలి డబ్బులతో రాత్రి బడులు నడపిరి. దేవాలయములు కట్టిరి, ఉగాది నేటికిని జరుపుచున్నారు. డర్బన్-వెస్ట్‌విల్ విశ్వవిద్యాలయమున ఒకప్పుడు తెలుగు బోధింపబడెను. ఆ విశ్వవిద్యాలయము 2004లో మరియొకదానితో విలీనమైనది. ఆ దేశపు 1996 నాటి రాజ్యాంగమున, గౌరవింపవలసిన భాషల వరుసలో తెలుగు పేరు పెట్టి వ్రాయబడియున్నది. మన రాజ్యాంగపు 350-ఏ అధికరణము, 1956లో చేర్చబడినది, భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక విద్య మాతృభాషలో నేర్పవలెనని చెప్పుచున్నది. కాగితము మీద వారికిని మనకును లోటు లేదు.

అయితే పోయినదెట్లు? మాకు తోచినది చెప్పుదుము. పగటి బడి ఇంగ్లీషుది, ఉద్యోగము ఇంగ్లీషుది. పిల్లలు వెనుకబడుదురేమోనని తల్లిదండ్రులే ఇంట ఇంగ్లీషు మొదలుపెట్టిరి. అంతవరకు బారక్సు కాచినది; ఇంట మానినను వీథిలో తెలుగు చెవిని పడెడిది. వీథి చెదరినప్పుడు ఆ ఆధారమును పోయినది. ఆ ఇంటనే దీనికి నిదర్శనము చూచితిమి. పెద్దావిడకు ఒక కుమార్తె కూడ గలదు. ఆమె తమ్మునికంటె పదేండ్లు పెద్దది. బారక్సులో పుట్టి, అచ్చటి రాత్రి బడిలో నాలుగేండ్లు చదివినది. వచ్చినప్పుడెల్ల తల్లితో తెలుగుననే మాటలాడును. తమ్ముడు చదువు ఈడుకు వచ్చునప్పటికి కుటుంబము చాట్స్‌వర్త్ చేరినది. దరిదాపుల తెలుగు బడి లేకపోయినది. ఒకే తల్లి బిడ్డలు, ఒకే ఇల్లు.

ఈ మాట ఇచ్చట చెప్పుటకు కారణమున్నది. మన సంఘపు ఆదివారపు తెలుగు తరగతిలో ప్రస్తుతము పదునొకండుగురు పిల్లలున్నారు. అంతకొద్దిమందికి గది యెందుకు, దానిని కల్యాణమండపపు పాత్రసామానునకు ఇత్తమని ఒక ప్రతిపాదన వచ్చే సర్వసభ్య సమావేశమునకు రానున్నది. ప్రతిపాదించినవారు మాకు మిత్రులు. గది అవసరమును నిజమే. తరగతి ఉన్నంత మాత్రమున భాష నిలుచునా యని వారడుగుచున్నారు. నిలువదు, ఇంట మాటలాడనిచో ఏ తరగతియు నిలుపలేదు. అయినను ఆ అక్కకు, తమ్మునికి నడుమ తేడా నాలుగేండ్ల రాత్రి బడియే. పాత్రలకు మా అంగడి వెనుకనున్న గోదాములో చోటు గలదు, అద్దె అక్కరలేదు. మేము ఆ ప్రతిపాదనకు వ్యతిరేకముగ ఓటు వేయుదుము.

చివరగా మీకందరకు ఒక పని అప్పగింపవలసియున్నది. ఓడలు దిగినవారి జాబితాలు డర్బనులోని పత్రభాండాగారమున భద్రముగ నున్నవి. అందు ప్రతివాని పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, జిల్లా, గ్రామము, ఒంటి మీది పుట్టుమచ్చలు, గాట్లు వ్రాసియుండును. ఆ పెద్దావిడ తాతగారి పుటకు నకలు తీసి ఆమె కుమారుడు మాకిచ్చినాడు. వయస్సు ఇరువదిరెండు, ఎడమ ముంజేతి మీద కాలిన మచ్చ, జిల్లా గంజాము. తాలూకా యున్న చోట సిరా చెదరినది. ఊరి పేరు ఇంగ్లీషు అక్షరములలో 'బోర్' వరకు స్పష్టముగ నున్నది. ఆ తరువాతిది ఐ యో యూ యో తెలియకున్నది. బోరివంక కావచ్చును, బోరుభద్ర కావచ్చును, మరొక ఊరును కావచ్చును. నకలును కార్యదర్శిగారి వద్ద ఉంచితిమి. ఆ వైపు బంధుత్వములున్న పెద్దలు ఆదివారము తరగతి వేళకు వచ్చి చూచి, ఏమైన తెలిసినచో మాకు చెప్పవలెనని కోరుచున్నాము. పెద్దావిడ ఇంకను ఉన్నది. పోయిన నెలలో కుమార్తె చేత ఫోను చేయించి, ఊరు దొరికినదా యని అడిగించినది.