బిడ్డ కోపానికి కారణం వెతకండి



కొందరు పిల్లలు ఊరికే కొడతారు, కొరుకుతారు, తల గోడకేసి బాదుకుంటారు. చూసినవాళ్లు "పెంపకం సరిగా లేదు" అంటారు. "తల్లి గ్రహణం చూసింది", "గాలి సోకింది" అనేవాళ్లూ ఉన్నారు. ఇవి నిజం కావు. కొందరు పిల్లల్లో ఇందుకు పుట్టుకతో వచ్చిన మెదడు లోపం ఒక కారణం కావచ్చు.

మన మెదడులో కుడి, ఎడమ భాగాలున్నాయి. రెంటినీ కలిపే నరాల కట్ట ఒకటుంది, వాగు మీద వంతెన లాంటిది. కొందరికి అది కడుపులో ఉండగానే సరిగా ఏర్పడదు. అలాంటి పిల్లల్లో కొందరికి ఎదుటివారి మనసు తెలుసుకోవడం, కోపం ఆపుకోవడం కష్టం. మాట రాని బిడ్డ చెవిపోటొచ్చినా, భయమేసినా చేత్తో కొట్టే చెబుతాడు.

అలాగని లోపమున్న ప్రతి బిడ్డా కోపిష్ఠి కాడు. అమెరికాలో 1951లో పుట్టిన కిమ్ పీక్‌కు ఆ వంతెన లేనే లేదు. చొక్కా గుండీలు పెట్టుకోవడమే ఆయనకు కష్టం. అయినా వేల పుస్తకాల సంగతులు గుర్తుపెట్టుకున్నాడు, నలుగురితో స్నేహంగా మెలిగాడు. 2009లో చనిపోయేదాకా తండ్రి ఆయనను కనిపెట్టుకుని ఉన్నాడు.

కాబట్టి బిడ్డను కొట్టకండి, కట్టేయకండి. కోపం ఎప్పుడు, దేని తర్వాత వస్తుందో గమనించి డాక్టరుకు చెప్పండి. మాట రాకపోతే సైగలు నేర్పండి. మూర్ఛ మందు మీ అంతట మీరు ఆపకండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద 18 ఏళ్లలోపు పిల్లలకు పరీక్షలు ఉచితం.

అన్ని లోపాలనూ ఆపలేం, కొన్నిటిని ఆపగలం. గర్భం నిలిచిన 28 రోజుల్లోపే మెదడుకు, వెన్నుపాముకు మూలమైన గొట్టం మూసుకుంటుంది. అప్పటికి చాలామందికి గర్భం సంగతే తెలియదు. అందుకే ముందునుంచే రోజూ ఫోలిక్ యాసిడ్ మాత్ర వేసుకోవాలి. ఆ గొట్టం మూసుకోకపోవడమనే లోపాన్ని అది చాలావరకు అరికడుతుంది. గర్భిణి కల్లు, సారా ముట్టరాదు. రుబెల్లా టీకా పెళ్లికి ముందే వేయించాలి. దగ్గరి మేనరికాల్లో పుట్టుకలోపాల ప్రమాదం ఎక్కువ. మూర్ఛ మందు వాడే స్త్రీ గర్భానికి ముందే డాక్టరును అడగాలి.

మొదటి బిడ్డకు లోపముంటే తొందరపడకండి. నిరోధ్, మాత్రలు, కాపర్ టీ ఏదో ఒకటి వాడుతూ, భార్యాభర్తలిద్దరూ డాక్టరు సలహా తీసుకున్నాకే రెండో బిడ్డ మాట ఆలోచించండి. ఆ వ్యవధి ఇంట్లో ఉన్న బిడ్డకూ మేలు చేస్తుంది.

అన్నలారా, తప్పు ఆమెదని భార్యను నిందించకండి. బిడ్డను ఎత్తుకుని ఆమెతో పాటు మీరూ ఆరోగ్య కేంద్రానికి రండి.