పేర్లు మూడు – మొక్క ఒకటి



మధ్యయుగంలో ఆహారంగాను, ఔషధంగాను వాడిన మొక్కలను పసివారికి ఎట్లా పరిచయం చేయాలన్నది నేటి ప్రసంగ విషయం. ఇందుకు మన బీదరు ఎంతో తగిన ఊరు. బహమనీ సుల్తాను రెండవ అలాఉద్దీన్ అహ్మద్ షా (1436–1458) ఈ నగరంలో వైద్యశాల కట్టించి, రోగుల మందులకు, భోజనానికి గ్రామాల ఆదాయం కేటాయించి, హిందూ వైద్యులను, ముస్లిం వైద్యులను కలిపి నియమించినట్లు చరిత్రకారుడు ఫెరిష్తా వ్రాసినాడు. ఆయుర్వేదం శుంఠి అన్నదానినే యునానీ వైద్యం జంజబీల్ అన్నది. పేర్లు వేరు, వస్తువు ఒకటే.

తొలి పాఠం ఇదే కావాలి. మన పిల్లలు ఇంట తెలుగు, బజారులో కన్నడం, ఉర్దూ వింటారు. తరగతిలో పోపులపెట్టె తెరచి శొంఠి, వాము, మెంతులు చూపండి. వాసన చూడనివ్వండి, మూడు భాషలలో పేర్లు వ్రాయించండి. 16వ శతాబ్దపు భావప్రకాశంలో మెంతులు, వాము చేరిన నాలుగు గింజల కూర్పుకు ‘చతుర్బీజం’ అని పేరున్నదని చెప్పండి. అమ్మ వంటలోనే చరిత్ర ఉన్నదని వారికి అర్థమవుతుంది.

రెండవ పాఠం జాగ్రత్త. తిప్పతీగ కన్నడంలో అమృతబళ్ళి, హిందీ ఉర్దూలలో గిలోయ్. కాని పేరు తెలిసినంత మాత్రాన మొక్క తెలిసినట్లు కాదు. 2021లో తిప్పతీగ వాడిన కొందరికి కాలేయం దెబ్బతిన్నదని ముంబయి వైద్యులు ప్రకటించినప్పుడు, వారు వాడినది అసలు ఆ తీగేనా, దానిని పోలిన మరొకటా అని ఆయుష్ మంత్రిత్వశాఖ ప్రశ్నించింది. పండితుల నడుమనే ఇంత సందేహం కలిగితే, పసివాని మాట చెప్పనేల? గలిజేరు అన్న ఒక్క పేరుతోనే మన పల్లెలలో రెండు వేర్వేరు మొక్కలను పిలుస్తారు.

కనుక పెరటి మొక్కను పిల్లలు చూడాలి, బొమ్మ గీయాలి, ఆకు అమరికను, కాడను, పువ్వును గుర్తించాలి. నోట మాత్రం పెట్టరాదు. తినదగిన ఆకుకంటె ముందు విషపూరితమైన ఉమ్మెత్తను, గన్నేరును గుర్తుపట్టడం నేర్పాలి. తెలిసిన పెద్దలు చూపి, వండి పెట్టినదే ఆహారం. వైద్యుడు చెప్పినదే ఔషధం.

ఆనాటి వైద్యశాలలో రెండు సంప్రదాయాల వారు ఒకే కప్పు క్రింద రోగికి సేవ చేశారు. మన పాఠశాల తోటలో ప్రతి మొక్క చెంత మూడు లిపులలో ఒక పలక నిలిపితే, ఆ వారసత్వాన్ని మన పిల్లలకు అందించినవారమవుతాము.