ఎడింబరో నగరమున దయ్యముల వెంట ఒక సాయంకాలము
(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగపాఠము)



కార్యదర్శిగారు నన్ను విదేశయాత్రానుభవములను గూర్చి ఇరువది నిమిషములు మాటలాడుమని కోరినప్పుడు, నేను అచ్చటి శాసనసభలను గూర్చియో, విశ్వవిద్యాలయములను గూర్చియో చెప్పుదునని తలచియుందురు. నేను దయ్యములను గూర్చి చెప్పెదనంటిని. వారి ముఖమున కొంత సంకోచము కనబడినది. ఇప్పుడు పిల్లల ముఖములలో సంతోషము కనబడుచున్నది గనుక ధైర్యముగా ప్రారంభించుచున్నాను.

శిక్షణ నిమిత్తము నేను కొన్ని వారములు బ్రిటనులో ఉండవలసి వచ్చినది. ఒక వారాంతమున రెండురోజులు సెలవు దొరుకగా స్కాట్లండు రాజధానియైన ఎడింబరోకు పోయితిని. ఆ పాతనగరము చేప వెన్నెముకవలె నుండును. పడమట కొండకొమ్మున కోట, తూర్పున హోలీరూడ్ రాజభవనము, ఈ రెంటినడుమ ఒకే రాజవీధి. ఆ వీధికి ఇరువైపుల ముండ్లవలె ఇరుకు సందులు క్రిందికి దిగిపోవును. చుట్టును ప్రాకారముండుటచే ఊరు ప్రక్కలకు పెరుగ వీలులేక పైకి పెరిగినది. ఎన్నో అంతస్తుల ఇండ్లలో కలవారు నడిమి అంతస్తులందును, లేనివారు అట్టడుగునను, పైకప్పు క్రిందను కాపురముండిరి. రాత్రి వేళ కిటికీలనుండి మురికినీరు వీధిలో కుమ్మరించుచు, క్రింద పోవువారికి హెచ్చరికగా ఒక కేక వేసెడివారట. ఆ కేక వినబడినను తప్పించుకొనుటకు సందులో చోటేది? 1767లో జేమ్స్ క్రెయిగ్ అనునతని పథకముననుసరించి ఉత్తరమున కొత్తనగరము వెలసిన పిమ్మట కలవారందరు అచ్చటికి తరలిపోయిరి. పాతనగరము పేదలకును, తరువాత దయ్యములకును మిగిలినది. 1995లో ఈ రెండు నగరములును యునెస్కోవారి ప్రపంచ వారసత్వ పట్టికలో చేరినవి.

ఆ ఊర రాత్రివేళ టిక్కెట్టు తీసికొని దయ్యములను చూడబోవుట ఒక వ్యాపారమై వర్ధిల్లుచున్నది. నల్లని అంగీ తొడుగుకొని, చేతికర్రతో మార్గదర్శి ముందు నడచును. ఇరువదిమంది వెనుక నడతురు. మా నాయనమ్మ ఈ సంగతి వినియుండిన ముక్కుమీద వ్రేలు వేసికొనియుండును. ఆమె కాలమున దయ్యములను చూచుటకు డబ్బిచ్చుట లేదు; చూడకుండుటకే తాయెత్తు కట్టువానికి ఇచ్చెడివారు. చేలగట్లవెంట కొరివిదయ్యము నిప్పు రవ్వలు రాల్చుకొనుచు పోవుననియు, చెరువుగట్టు చింతచెట్టు క్రింద రాత్రివేళ ఎవరైన పిలిచినచో మూడవసారి పిలుచువరకు పలుకరాదనియు ఆమె చెప్పగా వినుచు నిద్రపోయినవాడను. మన దయ్యములకు చెట్టు కలదు, తేది లేదు. ఎడింబరో దయ్యములకన్ననో తేది, ఇంటి చిరునామా, న్యాయస్థానపు రికార్డు కూడ కలవు. మా వంటి కార్యాలయోద్యోగులకు ఈ పద్ధతి మిక్కిలి నచ్చును.

ఆ మధ్యాహ్నమే నేను వేరుగా టిక్కెట్టు కొని మేరీ కింగ్ సందు చూచివచ్చితిని. మేరీ కింగ్ 17వ శతాబ్దపు ప్రథమార్ధమున అచ్చట నివసించిన ఒక వర్తకురాలు, వితంతువు. ఒక స్త్రీ పేరు వీధికి నిలుచుటయే ఆ కాలమున అరుదు. 1753లో ఆ స్థలముపై పెద్ద వాణిజ్యభవనము కట్టదలచి పాత ఇండ్ల పై అంతస్తులను కూల్చి, క్రింది అంతస్తులను పునాదిగా ఉంచివేసిరి. అందుచే నేటికిని నగరసభా భవనము క్రింద ఒక వీధి వీధిగానే ఉన్నది. గోడలు, పొయ్యిలు, గుమ్మములు యథాతథముగా నున్నవి. ఆకాశము మాత్రము లేదు. 1645 నాటి మహామారిలో రోగులను ఆ సందులోనే పెట్టి గోడకట్టి చంపిరని లోకమున ఒక కథ వ్యాపించినది. అది నిజము కాదు. నగరపాలకులు రోగులకు ఆహారము పంపిరి. ఊరివెలుపలి మైదానమున కుటీరములు వేయించి అచ్చటికి తరలించిరి. ఐనను గోడకట్టిన కథయే జనమునకు ప్రియమైనది.

ఈ సందులోని దయ్యములను గూర్చి మొదట వ్రాసినవాడు సామాన్యుడు కాడు. జార్జి సింక్లేర్ అను ఆచార్యుడు 1685లో ప్రకటించిన గ్రంథమున, అచ్చట ఇల్లు తీసికొన్న కోల్‌టార్ట్ దంపతులకు గాలిలో వ్రేలాడు ముసలివాని తలయు, మొండెము లేని చేయియు కనబడినట్లు వ్రాసినాడు. ఇటీవలి కథ మరియొకటి కలదు. 1992లో జపానునుండి వచ్చిన ఒక అతీంద్రియవాదిని ఒక గదిలో అడుగిడలేక నిలిచిపోయి, బొమ్మ పోగొట్టుకొన్న చిన్నపిల్ల ఒకతె అచ్చట ఏడ్చుచున్నదని చెప్పి, బజారునుండి ఒక బొమ్మ తెచ్చి యుంచెనట. నాటినుండి వచ్చిన ప్రతివారును ఏదో ఒక ఆటవస్తువు ఉంచి పోవుచున్నారు. నేను చూచునప్పటికి అది గుట్టగా పెరిగియున్నది. అచ్చట చేరిన డబ్బును జబ్బుపిల్లల సహాయమునకు పంపుదురు. నేను ఆ కథను నమ్మలేదు. ఐనను, మా అమ్మాయికని కొన్న రంగు పెన్సిళ్ళ పెట్టెనుండి ఒకటి తీసి అచ్చట ఉంచి వచ్చితిని. ఇంటికి వచ్చిన తరువాత ఆకుపచ్చ రంగు ఏమైనదని మా అమ్మాయి అడిగినప్పుడు సరియైన సమాధానము చెప్పలేకపోయితిని. ఈ సభాముఖమున ఇప్పుడు చెప్పుచున్నాను.

సాయంకాలము సెయింట్ జైల్స్ దేవాలయము ప్రక్కన మా నడక ఆరంభమైనది. మా మార్గదర్శి చరిత్ర చదువుకొన్న యువకుడు. మొదటి మాటగా, “మెట్లు తడిగా నున్నవి, ద్వారబంధములు పొట్టివి; ఈ నగరమున దయ్యములవలన ఎవరును గాయపడలేదు, మెట్లవలన అనేకులు పడిరి” అని చెప్పినాడు. తరువాత మమ్ము దక్షిణపు వంతెన క్రిందికి దింపినాడు. 1788లో తెరువబడిన ఆ వంతెనకు 19 కమానులు. వాటిలో ఒకటి మాత్రమే బయటికి కనబడును. తక్కినవి ఇరుప్రక్కల ఇండ్ల వెనుక దాగియున్నవి. కమానుల లోపల గదులు కట్టి చర్మకారులకు, వర్తకులకు అద్దెకిచ్చిరి. పైనుండి నీరు దిగకుండ కట్టకపోవుటచే కొలదికాలముననే గదులు కారజొచ్చినవి. వర్తకులు వెడలిపోయిరి. వెలుతురు, గాలి, నీరు లేని ఆ గుహలలో ఊరిలో మరెచ్చటను చోటు దొరకని నిరుపేదలు చేరిరి. పిమ్మట గదులను రాళ్ళతో, చెత్తతో పూడ్చివేసిరి. మరల త్రవ్వి బయటికి తీసినది 20వ శతాబ్దపు చివరి భాగముననే.

అచ్చట మార్గదర్శి దీపమార్పినాడు. చీకటి యన నేమో నేను గ్రామమున పుట్టినవాడను, ఎరుగుదును. కాని గ్రామపు చీకటిలో కప్పలు అరచును, ఎచ్చటనో కుక్క మొరుగును. ఇది రాతిలోపలి చీకటి. నా మెడమీద చల్లని ఊపిరి తగిలినది. ఒక్క క్షణము మా నాయనమ్మ చెప్పిన మూడవ పిలుపు జ్ఞప్తికి వచ్చినది. దీపము వెలిగింపగా నా వెనుక నిలిచిన ఆజానుబాహువైన జర్మను పర్యాటకుడు క్షమాపణ చెప్పినాడు.

ఈ విషయమున శాస్త్రజ్ఞులును కృషి చేసిరి. 2001లో రిచర్డ్ వైజ్‌మన్ అను మనస్తత్వశాస్త్రజ్ఞుడు రెండువందలకు పైగా స్వచ్ఛందులను ఈ గదులలో ఒక్కొక్కచోట నిలిపి, వారికి కలిగిన అనుభవములను వ్రాయించినాడు. దయ్యములున్నవని ప్రతీతిగల గదులలోనే విపరీతానుభవములు ఎక్కువగా కలిగినవి. ఏ గదికి ఆ ప్రతీతి కలదో ముందు తెలియనివారికిని అట్లే జరిగినది. వెలుతురు తగ్గుట, గది ఎత్తు, పరిమాణము మొదలగు వానితో ఆ అనుభవములకు సంబంధము కనబడినది. అనగా, గది కట్టడమే మనుష్యుని భయపెట్టును. కథ తరువాత వచ్చును. మా మార్గదర్శి ఈ సంగతిని దాచలేదు. నాకు అతనియందు గౌరవము కలిగినది.

బయటికి వచ్చి నడచుచుండగా బర్క్, హేర్ అను ఇరువురి కథ చెప్పినాడు. ఇది దయ్యముల కథ కాదు గాని దయ్యములను మించినది. వైద్యవిద్యార్థుల శరీరపరిచ్ఛేదమునకు శవములు చాలని కాలమది. హేర్ ఇంట అద్దె బాకీపడి ఒక వృద్ధుడు చనిపోగా, ఆ శవమును డాక్టరు రాబర్ట్ నాక్స్ గారి శాలలో 7 పౌన్ల 10 షిల్లింగులకు అమ్మిరి. తరువాత సహజమరణములకై వేచియుండుట దండుగ యని తలచి, 1828వ సంవత్సరమున 16 మందిని చంపిరి. హేర్ సాక్షిగా మారి తప్పించుకొనెను. బర్క్‌ను 1829 జనవరి 28న ఉరితీసి, వాని శరీరమునే పరిచ్ఛేదించిరి. అస్థిపంజరము నేటికిని విశ్వవిద్యాలయమున కలదు. ఈ కథలో నాకు ముఖ్యముగా తోచినవారు వేరు. గ్రే అను నిరుపేద దంపతులు గడ్డిక్రింద దాచిన ఆఖరి శవమును చూచిరి. నోరు మెదపకుండుటకు వారమునకు 10 పౌన్లు ఇప్పింతుమని బర్క్ వెంట కాపురమున్న స్త్రీ ఆశచూపినది. ఆ కాలమున అట్టి కుటుంబము ఎన్నడును చూడని ధనమది. వారు నిరాకరించి పోలీసులకు చెప్పిరి. బర్క్ ముఖముతో బొమ్మలు అమ్ముదురు; గ్రే దంపతుల పేర బొమ్మ ఏదియు నాకు కనబడలేదు.

చివరకు గ్రేఫ్రయర్స్ శ్మశానము చేరితిమి. శవములను దొంగిలింపకుండ సమాధులపై బిగించిన ఇనుప పంజరములు నేటికిని అచ్చట ఉన్నవి. మతవిషయమున రాజాజ్ఞను ధిక్కరించినవారిని 1679లో బోత్వెల్ వంతెన యుద్ధము తరువాత, ఇంచుమించు 1,200 మందిని, ఈ శ్మశానము ప్రక్కనున్న బయలులో నిర్బంధించిరి. నెలలతరబడి ఎండకు, వానకు, చలికి తాళలేక కొందరు చనిపోయిరి. కొందరు లొంగి సంతకములు చేసి బయటపడిరి. మిగిలినవారిలో సుమారు 250 మందిని ద్వీపాంతరము పంపుటకు ఓడనెక్కింపగా, అది ఆర్క్‌నీ దీవులవద్ద పగిలి వారిలో చాలమంది మునిగిపోయిరి. వీరిపై అభియోగములు నడిపిన ప్రభుత్వ న్యాయాధికారి సర్ జార్జి మెకంజీ. అతడు 1691లో చనిపోయి, ఆ నిర్బంధస్థలమునకు కూతవేటు దూరముననే గుండ్రని గోపురము క్రింద పండుకొనియున్నాడు. 1998లో ఒక ఇల్లులేని మనుష్యుడు వానకు తలదాచుకొనుటకు ఆ గోపురమును పగులగొట్టి చొచ్చినపిమ్మట అతని దయ్యము మేల్కొనెనని చెప్పుదురు. చూడవచ్చినవారిలో కొందరు సొమ్మసిల్లిరి, కొందరి చేతులపై గీతలు కనబడినవట.

ఇంతవరకు మెకంజీ క్రూరుడే. కాని ఈ మెకంజీయే 1689లో తెరువబడిన న్యాయవాదుల గ్రంథాలయమునకు స్థాపకుడు. అదియే 1925లో స్కాట్లండు జాతీయ గ్రంథాలయమునకు మూలమైనది. చదువుకొన్నవాడు, నవల వ్రాసినవాడు, నిబంధనలు తెలిసినవాడు. అతడు చేసిన ప్రతిపనియు ఆనాటి శాసనము ప్రకారము సక్రమమే.

ఆ మాట మార్గదర్శి నోట వినగానే నా మనస్సు గోపురమును విడిచి మరియొక చోటికి పోయినది. నేను ఉద్యోగమున చేరిన తొలి సంవత్సరములలో ఒక వృద్ధురాలి పింఛను అర్జీ నా బల్లమీదికి వచ్చినది. గడువు దాటినందున విచారింపదగదని రెండు పంక్తులు వ్రాసితిని. నిబంధన అట్లే యున్నది. పై అధికారులు ఏకీభవించి సంతకము చేసిరి. మినహాయింపునకు వేరొక ఉత్తరువు కలదని నాకు కొన్ని నెలలకు తెలిసినది. ఫైలు తిరిగి తెప్పించితిని. ఈమారు జవాబు ఆమె కుమారునినుండి వచ్చినది. అమ్మగారికి ఇక అవసరము లేదని. ఆ చీకటిలో నలుగురును గోపురపు తలుపు వైపు చూచుచుండగా నేను చూచినది ఆ పోస్టుకార్డును. ఈ సభలో ఫైళ్ళు వ్రాయువారే ఎక్కువ గనుక దాచక చెప్పితిని.

మరునాటి ఉదయము ఒంటరిగా మరల ఆ శ్మశానమునకు పోయితిని. యజమాని సమాధిని 14 సంవత్సరములు కాచి 1872లో చనిపోయిన బాబీ అను కుక్క సమాధివద్ద జనము గుమిగూడియున్నది. నేను పోయినది విలియం రాక్స్‌బర్గ్ కొరకు. ఎడింబరోలో వైద్యము చదివి, 1781 ప్రాంతమున మన సామర్లకోట చేరి, అచ్చట తోట వేసి, కోరమాండలు తీరపు మొక్కలను పరిశీలించినవాడు. 1793లో కలకత్తా ఉద్యానమునకు పోయినాడు. 1815లో ఈ నగరమున చనిపోయి, భార్యవైపువారి కుటుంబ సమాధిలో ఇచ్చటనే ఉన్నాడు. అతని గ్రంథమున 300 వర్ణచిత్రములు. మొక్కలకు లాటిను పేర్లతోబాటు తెలుగు పేర్లును ఇచ్చినాడు. జ్వరమునకు మందైన సోమిద చెట్టు బెరడును గూర్చి 1794లో ఎడింబరో వైద్యవిద్యార్థి యొకడు పట్టమునకై వ్యాసము వ్రాయగా, దాని శీర్షికలోనే ఆ తెలుగు మాట నిలిచినది. ఆ చిత్రములు వ్రాసినవారు మనదేశపు చిత్రకారులు. ఆకు ఈనెలు, పూవు కేసరములు ఒక్కటియు తప్పకుండ వ్రాసిరి. వారి పేర్లు ఆ గ్రంథమున లేవు.

ముందురాత్రి మా మార్గదర్శి ఈ సమాధివద్ద ఆగలేదు. ఇచ్చట ఎవరును మూర్ఛపోలేదు గదా! నేను కొంతసేపు నిలిచి, ఏమి చేయవలయునో తోచక, “సోమిద” అని బిగ్గరగా అంటిని. కుక్కను నడిపించుకొనుచు పోవుచున్న ఒక వృద్ధుడు ఆగి, నావైపు చూచి, టోపీ తాకి, వెడలిపోయెను.

నాకిచ్చిన కాలము దాటినది.