మార్లవాయికి నడిచొచ్చిన దంపతులు - మా హాస్టల్ నేర్చుకున్న పాఠం



 మేము పండితులం కాము. బి.ఇడి. చదివి, కొన్నాళ్లు పాఠాలు చెప్పి, ఆ తర్వాత ఆడపిల్లల హాస్టల్ చూసుకుంటున్న వాళ్లం. మేము చూసింది, చదివింది, చేసిన తప్పు, ఈ మూడే చెప్తాము.

ఒకసారి మా పిల్లలను జైనూర్ మండలం మార్లవాయికి తీసుకెళ్లాము. అక్కడ హైమన్‌డార్ఫ్ దంపతుల సమాధుల దగ్గర నిలబడి ఆరో తరగతి పిల్ల ఒకతె అడిగింది: "మేడమ్, వీళ్లు చర్చి ఫాదర్లా? మన ఊరికి ఎందుకొచ్చారు?" తెల్లవాళ్ల జంట అడవిలో ఊరికి వచ్చి ఉందంటే మతం చెప్పడానికి వచ్చిన మిషనరీలే అయ్యుంటారని చాలామంది అనుకుంటారు. వీళ్లు మిషనరీలు కారు. మన పూజలు మార్చడానికి రాలేదు. మన దండారి, మన సగలు, మన పర్ధాన్‌లు చెప్పే కథలు తెలుసుకోవడానికి వచ్చారు. అయినా పరాయి దేశంలో సేవ చేస్తూ ఊరూరా తిరిగిన జంట అనే మాట వీళ్లకు సరిగ్గా సరిపోతుంది.

క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ 1909లో వియన్నాలో పుట్టారు. 1936లో నాగా కొండలకు వెళ్లి కోన్యాక్ నాగాల మధ్య ఉన్నారు. 1938లో బెట్టీ ఎలిజబెత్‌ను పెళ్లాడారు. ఆమె ఇంగ్లండు ఆడబిడ్డ. 1939లో ఇద్దరూ మన దేశానికి వచ్చారు. నాగాల దగ్గరికి మళ్లీ వెళ్లాలని వాళ్ల కోరిక. అంతలో రెండో ప్రపంచ యుద్ధం మొదలైంది. ఆయన చేతిలో ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు. దాంతో శత్రుదేశస్థుడని చెప్పి హైదరాబాద్ సంస్థానం దాటి పోవద్దన్నారు.

వేరేవాళ్లయితే కాలం కలిసి రాలేదని కూర్చునేవాళ్లు. వీళ్లు నల్లమలలో చెంచుల దగ్గరికి వెళ్లారు. అక్కడి నుంచి గోదావరి ఒడ్డున కొండరెడ్ల దగ్గరికి వెళ్లారు. 1940లో జోడేఘాట్‌లో మన కుమ్రం భీం నేలకొరిగాడు. గోండులు ఎందుకు తిరగబడ్డారో నిజాం ప్రభుత్వానికి అర్థం కావాలి. ఆ సమయంలోనే ఈ దంపతులు ఆదిలాబాద్ అడవుల్లోకి వచ్చారు. మార్లవాయిలో ఇల్లు వేసుకుని, గోండీ నేర్చుకుని, మన మధ్యే ఉన్నారు.

బెట్టీ అమ్మగారి గురించి రెండు మాటలు చెప్పాలి. పుస్తకాల అట్టల మీద భర్త పేరే పెద్దగా కనిపిస్తుంది. కానీ రోడ్లు లేని ఆ రోజుల్లో ఆయన నడిచిన దారులన్నీ ఆమె కూడా నడిచింది. 1944లో ఆయనను ఈశాన్యంలోని సుబన్‌సిరి ప్రాంతానికి, అపతానీల కొండలకు పంపితే అక్కడికీ వెళ్లింది. తర్వాత కాలంలో నేపాల్ పనిలోనూ తోడుంది. దక్షిణాసియా మానవశాస్త్ర గ్రంథాల సూచిక తయారుచేసింది కూడా ఆమే. మేము ఆడవాళ్లం కనుక మాకు ఒకటి తోస్తుంది. పరాయి మగవాడు వచ్చి అడిగితే మన అవ్వలు ఎన్ని మాటలు చెప్పేవాళ్లు? పక్కన ఒక ఆడమనిషి కూర్చుంటేనే కదా వంటింటి మాట, పురిటి మాట, కన్నీటి మాట బయటికి వచ్చేది.

ఇక అసలు విషయానికి వస్తాము. 1943లో మార్లవాయిలో గోండు విద్యా పథకం మొదలైంది. అప్పుడు చదువు చెప్పడానికి మనవాళ్లలో పంతుళ్లు లేరు. బయటి పంతుళ్లను తెచ్చి పెట్టలేదు. కొద్దో గొప్పో అక్షరం వచ్చిన గోండు యువకులను చేరదీసి శిక్షణ ఇచ్చారు. గోండీ భాషలోనే వాచకాలు తయారుచేశారు. నాగరి లిపిలో అచ్చువేశారు. ముందు తల్లిభాష, ఆ తర్వాతే మిగతా భాషలు. మేము బి.ఇడి.లో తల్లిభాషలో బోధన అనే పాఠం బట్టీపట్టి మార్కులు తెచ్చుకున్నాము. అది మన మార్లవాయిలోనే ఎప్పుడో జరిగిందని మాత్రం మాకు ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు మా తప్పు చెప్తాము. మా హాస్టల్ గోడ మీద ఒక కాగితం ఉండేది. "తెలుగులోనే మాట్లాడవలెను" అని మేమే రాసి అంటించాము. పిల్లలు బాగుపడాలనే రాశాము. ఒక వానాకాలం రాత్రి మూడో తరగతి పిల్లకు జ్వరం వచ్చింది. కొత్తగా చేరిన పిల్ల. తెలుగు రాదు. గోండీలో చెప్తే తిడతారని భయం. తెల్లవార్లూ దుప్పటి కప్పుకుని వణుకుతూ పడుకుంది. పొద్దున ప్రార్థనకు లేవకపోతే వెళ్లి చూశాము. ఒళ్లు కాలిపోతోంది. ఆస్పత్రికి తీసుకెళ్తే మలేరియా అన్నారు. దేవుడి దయవల్ల కోలుకుంది.

వాళ్ల అమ్మ వచ్చి మమ్మల్ని ఒక్క మాట కూడా అనలేదు. గోండీలో ఒకటే అడిగింది: "మీరూ మనవాళ్లే కదా, పిల్ల మీకు ఎందుకు చెప్పలేదు?" మేమూ గోండు ఇంట్లో పుట్టినవాళ్లమే. వియన్నా నుంచి వచ్చిన మనిషి నేర్చుకున్న భాష, మా అమ్మ మాకు పాలతో పాటు ఇచ్చిన భాష, మా గోడ మీద నేరమై కూర్చుంది. ఆ తల్లికి జవాబు చెప్పలేకపోయాము.

ఆ రోజే కాగితం చింపేశాము. ఇప్పుడు కొత్తగా చేరిన ప్రతి పిల్లకు తన భాష వచ్చిన పెద్ద పిల్లను జంటగా పెడుతున్నాము. కోలామీ పిల్లకు కోలామీ వచ్చిన అక్కే ఉంటుంది, ఎందుకంటే గోండీ కూడా ఆ పిల్లకు పరాయిదే. ఆదివారం సాయంత్రం తెలుగు బంద్. కథలు, పొడుపు కథలు, పాటలు అన్నీ ఇంటి భాషలోనే. సెలవులకు వెళ్లిన పిల్ల తన అవ్వ దగ్గర ఒక కథ విని తెచ్చి నోటుబుక్కులో రాయాలి. ఇలా చేస్తే తెలుగు వెనకబడుతుందని మొదట మా తోటి ఉపాధ్యాయులు భయపడ్డారు. అలా జరగలేదు. నోరు తెరవడం అలవాటైన పిల్ల తెలుగులోనూ నోరు తెరుస్తోంది.

ఆ దంపతులను దేవుళ్లను చేయమని మేము చెప్పడం లేదు. వాళ్లు పనిచేసింది ప్రభుత్వం కింద, ఏ ప్రభుత్వం మీద భీం పోరాడాడో దాని కిందే. భీం పోరాటం లేకుంటే మన గోడు వినమని వాళ్లను పంపేవాళ్లే కారు. పట్టాలు వచ్చాయి, చట్టాలు వచ్చాయి. కానీ 1970లలో వాళ్లు తిరిగి వచ్చి చూసేసరికి ఎన్నో భూములు బయటివాళ్ల చేతుల్లో ఉన్నాయి. ఆ బాధంతా ఆయన 1982లో వచ్చిన పుస్తకంలో రాశారు. చదువు, భూమి రెండూ కాపాడుకోవాల్సింది మనమే. పైవాళ్లు వచ్చి ఇచ్చిపోతే నిలవవు.

బెట్టీ అమ్మగారు 1987 జనవరి 11న హైదరాబాద్‌లో కన్నుమూస్తే మార్లవాయికి తెచ్చారు. ఆయన 1995లో లండన్‌లో పోయారు. ఇన్ని దేశాలు తిరిగిన జంటకు చివరికి మన ఊరే ఊరైంది.

సంఘం పెద్దలకు మా విన్నపం ఒక్కటే. మన గుంజాల గోండీ లిపి 2018లో యూనికోడ్‌లో కూడా చేరింది. ఫోన్లో రాయగలిగే రోజులు వచ్చాయి. ప్రతి హాస్టల్‌కు నెలకు ఒక ఆదివారం లిపి తెలిసిన ఒకరిని, కథలు తెలిసిన ఒక పర్ధాన్ పెద్దాయనను పంపండి. అన్నం మేము పెడతాము. కిక్రీ ఆయన తెచ్చుకుంటాడు.

మార్లవాయిలో అడిగిన ఆ పిల్లకు ఆ రోజు మేము ఇలా చెప్పాము: "మన మాట వినడానికి వచ్చారమ్మా." ఆ పిల్ల కాసేపు ఆలోచించి, "అయితే మీరు కూడా వినండి మేడమ్" అంది. వింటున్నాము.

జై సేవా.