చేతిలోని గానపాఠశాల

ఐడల్ అనగానే తెలుగువారికి విగ్రహము స్ఫురించును. జపానులో ఆ మాటకు వేరొక అర్థము కలదు. వేదికపై పాడి, ఆడి, అభిమానులను సంపాదించుకొను యువ కళాకారులను అచట ఐడల్ అందురు. అట్టివారిని ఊహలో కల్పించి, వారిని తీర్చిదిద్దు భారమును ఆటగానిపై నుంచు ఆటలును అచట ప్రసిద్ధములే. 2005లో నామ్కో సంస్థ వెలువరించిన 'ది ఐడల్‌మాస్టర్' వానిలో పేరొందినది. మొదట అది ఆటశాలలలో నాణెము వేసి ఆడు యంత్రము. 2011లో 'సిండెరెల్లా గర్ల్స్' అను పేర సెల్‌ఫోనులలో ప్రవేశించినది. 2024 మే నెలలో వచ్చిన 'గకుయెన్ ఐడల్‌మాస్టర్'ను ఆడి చూచిన మా అనుభవమును నేడు మనవి చేయుదుము.

తోక్యోలో ఉద్యోగము చేయుచున్న మా మేనకోడలు సెలవులకు వచ్చి, తన ఫోనును మా చేతికిచ్చి, "మామయ్యా, ఈ పిల్లను మీరే పైకి తేవలెను" అనినది. జపాను భాష మాకు రాదు. ఆమె ప్రక్కన కూర్చుండి అర్థము చెప్పుచుండెను.

కథాస్థలము హత్సుబోషి అను విద్యాలయము. మనము అచట నిర్మాతగా శిక్షణ పొందు విద్యార్థులము. ఒక బాలికను ఎన్నుకొని, గాత్రము, నృత్యము, రూపాభినయము అను మూడింటిలో పాఠములు చెప్పించవలెను. ప్రతి పాఠమును చీట్లతో ఆడుదుము. చీటీ వేసినకొలది బాలిక ఒంటి సత్తువ తరుగును. నడుమ ఒక పరీక్ష, చివర ఒక పరీక్ష. పాఠము చెప్పించుటయో, షికారుకు పంపుటయో, విశ్రాంతి నిచ్చుటయో ఆటగాని యిష్టము.

మేము ఫుజితా కొతొనె అను బాలికను ఎన్నుకొంటిమి. ఆమెది కలిమి లేని కుటుంబము. పలుచోట్ల చిన్న చిన్న పనులు చేసి, అలసిపోయి, చదువులో వెనుకబడినది. ఆమెపై మాకు జాలి కలిగెను. కాని ఆ జాలి మేము ఆడిన తీరులో కానరాలేదు. విశ్రాంతి యన్నది లేకుండ పాఠముపై పాఠము చెప్పించితిమి. పరీక్షనాటికి చీటీ వేయుటకైన సత్తువ మిగులలేదు. ఆమె తప్పినది.

"మామయ్యా, మీరు ఇంటిలోను ఇట్లే చేయుచున్నారు" అనినది మేనకోడలు, నవ్వుచునే. మా అమ్మాయి పదవ తరగతి. వేకువ నాలుగింటికి లేపి, రాత్రి పది వరకు పుస్తకము వదలనీయని వారము మేము. బదులు చెప్పలేకపోతిమి.

రెండవ పర్యాయము అడుగడుగున ఆగి, విశ్రాంతి నిచ్చి, నడిపించితిమి. ఓటమియు వ్యర్థము కాలేదు. ముగిసిన ప్రతి శిక్షణయు 'మెమొరీ' అను చీటిగా నిలిచి, తరువాతి పర్యాయమునకు తోడగును. ఈసారి కొతొనె గెలిచి, వేదికపై పాడినది. సరళీ వరుసలనాడు తడబడిన శిష్యురాలు తొలి కచేరీలో నిలద్రొక్కుకొన్నపుడు గురువునకు కలుగు ఆనందమే మాకును కలిగెను.

ఈ మురిపెము కలిగినచోటనే దుకాణము తలుపు తెరచుకొనును. ఆట ఉచితముగనే ఆరంభమగును. కాని ఆ బాలికనే క్రొత్త వేషమున చూడగోరినచో 'గాచా' అను అదృష్టపు పందెము వేయవలెను. నాణెము వేసి పిడి త్రిప్పినచో ఏ బొమ్మ రాలునో తెలియని యంత్రమునుండి వచ్చినది ఈ పేరు. ఇట్టి పందెములలో వేరువేరు చీట్లను జతగా పూర్తిచేసినవారికి బహుమతి నిచ్చు పద్ధతి చట్టవిరుద్ధమని 2012లో జపాను ప్రభుత్వపు వినియోగదారుల శాఖ తేల్చినది. మిగిలిన పందెములు సాగుచునే యున్నవి. మా మేనకోడలు నెలకు ఇంతయని గీత గీసికొని, అది దాటదు. పెంచుటకు ఓర్పు చాలును, కొనుటకు అంతులేదు.

కొన్నదియు నిలుచునా? మొదట చెప్పిన 'సిండెరెల్లా గర్ల్స్' ఆట 2023 మార్చిలో మూతపడినది. పదునొకండేండ్లు కూర్చుకొన్న చీట్లతో ఆడుటకు ఆట లేకపోయెను. ఆడినవారికి మిగిలినది, ఒకరిని పైకి తేవలెనని పడిన తపన మాత్రమే. ఆ తపన కృత్రిమము కాదని మా నమ్మకము.

మేనకోడలు తిరిగి వెళ్ళిన రాత్రి మా అమ్మాయి పుస్తకముమీదనే తల వాల్చి నిద్రించుచుండెను. దీపమార్పి, దుప్పటి కప్పితిమి. మరునాటి వేకువకు అలారము పెట్టలేదు.